నగీనాలో నసీబ్ వెతకొద్దు

బేటీకి రిష్తా కుదరాలనీ కారోబార్ నడవాలనీ బ్రాడీపేట నగల దుకాణాల్లో ఓపల్ ఉంగరం అడిగేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

ఓపల్ అంటే సిలికా, అందులో కాస్త నీరు. ముడి రాయిలో రంగులాడే పొర ఎటుందో కారీగర్ తిప్పి తిప్పి చూస్తాడు. పుల్లకు లక్కతో అంటించి, నీళ్లు పడుతుండగా సాన చక్రం మీద మెల్లగా అరగదీస్తాడు. వేడెక్కితే పగులుతుంది. రాపిడి ఎక్కువైతే రంగు పొరే పోతుంది. సాన వేడికే తాళలేని రాయి మన తక్‌దీర్ మారుస్తుందా?

మన కృష్ణా ఒడ్డున కొల్లూరులో దొరికిందని చెప్పుకునే కోహినూర్‌నే చూడండి. 1739లో నాదిర్ షా ఢిల్లీ నుంచి, 1849లో ఇంగ్లీషువాళ్లు లాహోర్ నుంచి పట్టుకుపోయారు. అది ఏ తఖ్త్‌నూ కాపాడలేదు.

నగీనా పెట్టుకోవడం హరామ్ అనడం లేదు. రసూలుల్లాహ్ (స) వెండి ఉంగరంలో హబషీ నగీనా ఉండేదని హదీస్‌లో ఉంది. అయితే హజ్రత్ ఉమర్ (రజి) హజరె అస్వద్‌ను ముద్దాడుతూనే, అది లాభనష్టాలు చేయలేని రాయి అన్నారు. కాబా గోడలోని రాయి సంగతే అదైతే బజారు రాయి ఎంత?

నచ్చితే అందానికి కొనండి. సాన పట్టిన హునర్‌కు కీమత్ ఇవ్వండి. ‘అసర్’ పేరుతో అడిగే పైసలు బేటీ ఫీజుకు దాచండి. నసీబ్ కోసం అల్లాహ్‌కు దుఆ చేద్దాం.