ఫీజు ఒక్కటేనా చదువు ఖర్చు?

సంపాదకులకు,

ఫీజు రీయింబర్స్‌మెంటు ఉండగా పల్లె ఆడపిల్లల పైచదువుకు ఇంకేం అడ్డమని కిందటి సంచికలో వ్యాసకర్త అడిగారు. 2008లో మొదలైన ఆ పథకం పుణ్యమా అని ఎందరో ఆడపిల్లలు డిగ్రీ కాలేజీ గడప తొక్కారు, కాదనను. కానీ ఆ సొమ్ము కాలేజీకి ఎప్పుడు చేరుతుంది? బకాయి పడితే కొన్ని యాజమాన్యాలు టీసీ, మెమోలు ఆపేస్తాయి. కొడుకు సర్టిఫికెట్ల కోసం అప్పు చేసే తండ్రే, కూతురి దగ్గరికొచ్చేసరికి ‘ఇక చాల్లే’ అని సంబంధాలు వెతుకుతాడు. సర్టిఫికెట్లు చేతికి రాక పీజీ సీటు వచ్చీ రానట్టే.

ఆయన మెచ్చుకున్న ప్రగతి స్కాలర్‌షిప్ ఏటా 50,000 రూపాయలు ఇస్తుంది. అయితే అది ఏఐసీటీఈ గుర్తింపున్న సాంకేతిక కోర్సులకే, అదీ ఇంటికి ఇద్దరమ్మాయిల వరకే. మామూలు బీఏ, బీఎస్సీ చదివే పిల్లకు దరఖాస్తు చేసే వీలే లేదు. ఆర్టీసీ బస్సు ఉచితమైంది, సంతోషం. సాయంత్రం ల్యాబు ముగిశాక ఊరికి బస్సుంటే కదా!

పోనీ హాస్టల్లో ఉందామంటే మెస్ బిల్లు నెలనెలా కట్టాలి. స్కాలర్‌షిప్పు ఏడాది దాటి వస్తే ఆ పిల్ల ఏం తినాలి? వ్యాసకర్త బకాయిల లెక్క కూడా రాసి ఉంటే బాగుండేది.

ఓ డిగ్రీ అధ్యాపకురాలు,
వనపర్తి