దొంగ సినిమా చూడని పన్నెండు మంది కావలెను

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఈ మూడూళ్ళలో జన్మలో పైరసీ సినిమా చూడని పన్నెండు మందిని పట్టుకురండి చూద్దాం. టమోటా మార్కెట్లో వెదకండి, కుప్పంలో బెంగుళూరు రైలెక్కేవాళ్ళని ఆపి అడగండి. వెదకడానికి పోయినవాడి ఫోన్లోనే ఒకటుంటుంది!

ఎందుకంటారా? ఐబొమ్మ నడిపాడన్న ఆరోపణతో 2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు ఒకతన్ని అరెస్టు చేశారు. జనం రెండు ముక్కలైపోయారు. కొందరికి దొంగ, కొందరికి రాబిన్ హుడ్. ఇలాంటి కేసు జ్యూరీ ముందుకొస్తే తీర్పు చెప్పడానికి ఎవరిని కూర్చోబెట్టాలి?

మనకి జ్యూరీ లేదు కదా అంటారు. నిజమే. 1959 నానావతి కేసుతో దానికి చెడ్డపేరొచ్చింది, 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో పూర్తిగా పోయింది. పీడ విరగడైందని మనం ఆ ప్రశ్నే మర్చిపోయాం. నా గొడవల్లా దాని గురించే.

అమెరికాలో జ్యూరీలోకి తీసుకునేముందు లాయర్లు ప్రశ్నలడుగుతారు. "పాటలు ఉచితంగా దింపుకున్నారా?" అని అడిగి, అవునన్నవాణ్ణి ఇంటికి పంపేస్తే సరిపోతుందనుకోవడం శుద్ధ తెలివితక్కువ. సిగ్నల్ దాటినవాడు యాక్సిడెంటు కేసు వినకూడదంటే ఊర్లో ఎవరు మిగులుతారు? పైగా వాడినవాళ్ళందర్నీ తీసేస్తే మిగిలేది టొరెంటంటే ఏంటో తెలీనివాళ్ళు. వాళ్ళకి ఐపీ అడ్రసంటే ఆధార్ నంబరు లాంటిది, దొరికితే దొంగ దొరికినట్టే. కానీ మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే ఐపీని ఒకేసారి ఎంతోమంది పంచుకుంటారు. పోర్టు నంబరు, ఖచ్చితమైన టైము, కంపెనీ లాగ్ లేకుండా అది ఒక మనిషిని చూపించదు. ఆ ప్రశ్న అడగాలంటే సంగతి తెలిసినవాడే కావాలి.

జల్లెడ పట్టాల్సింది వాడకాన్ని కాదు, లాభాన్ని. స్వీడన్లో పైరేట్ బే కేసు చూడండి. 2009 ఏప్రిల్లో శిక్షలు పడ్డాక, జడ్జిగారు కాపీరైటు సంఘాల్లో సభ్యుడని బయటపడింది. పైకోర్టు అది పక్షపాతం కాదంది. అదే కేసు అప్పీలులో మాత్రం స్పాటిఫైలో పనిచేసే ఒక లే జడ్జిని పక్కన పెట్టేశారు. ఎవరి ఉప్పు తింటున్నావన్నదే అసలు ప్రశ్న.

మన దగ్గర ఆ ప్రశ్న ఎవరడిగారు? 2025 నవంబరు 17న పోలీసు కమిషనర్ ప్రెస్ మీట్లో చిరంజీవి, నాగార్జున, రాజమౌళి, దిల్ రాజు కూర్చున్నారు. నష్టపోయినవాళ్ళు మాట్లాడొద్దని నేననను. కానీ నష్టపోయినవాళ్ళూ, దర్యాప్తు చేసేవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే విచారణకి ముందే తీర్పు ఇంటింటికీ చేరిపోదా? జడ్జిలు టీవీ చూడరా ఏంటి?

ఇది చిన్న విషయం కాదు. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ ప్రకారం మూడు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 3 లక్షల నుంచి నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానా. వంద కోట్ల సినిమా అయితే ఐదు కోట్లు! 3 లక్షలా, 5 కోట్లా అన్నది కుర్చీలో ఉన్న మనిషి చేతిలో ఉంటుంది. మిన్నెసోటాలో ఒకావిడ మీద అవే 24 పాటలకి 2007లో ఒక జ్యూరీ 2,22,000 డాలర్లు, 2009లో ఇంకో జ్యూరీ 19,20,000 డాలర్లు వేసింది. పాటలు మారలేదు, కూర్చున్నవాళ్ళు మారారు.

పైరసీని వెనకేసుకొస్తున్నావా అనకండి. 2013లో 'అత్తారింటికి దారేది' విడుదలకి ముందే బజార్లో పడటం దుర్మార్గమే. నేనడిగేది రెండే. జడ్జి, ప్రాసిక్యూటరు, టెక్నికల్ సాక్షి... వీళ్ళకి సినిమా వ్యాపారంతో సంబంధముంటే విచారణకి ముందే రికార్డులో చెప్పాలి. చార్జిషీటు వేసేదాకా స్టార్లతో ప్రెస్ మీట్లు ఆపాలి.

జ్యూరీ పోయింది గానీ, పక్షపాతం ఎక్కడికీ పోలేదు.