పని చేసుకుంటూ చదివేటోళ్లు మనకంటే తక్కువ కాదు

పోస్టు కొంచెం పెద్దగుంది. అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెండ్లు ఓపికతోటి చివరిదాకా చదవండ్రి.

మేము జగిత్యాలలో హాస్టల్‌లో ఉండి బీకాం కంప్యూటర్స్ చదివే పిల్లగాళ్లం. మా ఇండ్లల్లో డిగ్రీ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే మా మనసుల్లో ఒక మాట బలంగా నాటుకపోయింది: హాస్టల్ సీటు దొరికినోడు చదువుకునేటోడు, పనికి పోయినోడు చదువు ఇడిసిపెట్టినోడు. మొన్నటి సెలవుల దాకా మేము గూడ అట్లనే అనుకున్నం. అది ఎంత తప్పో మాకు ఎట్ల తెలిసిందో చెప్తం.

సిరిసిల్లలో మాకు వరుసకు అన్న అయ్యేటాయన ఉన్నడు. ఇంటర్ అయినంక ఇంటి మీద అప్పు ఉండి సాంచల కార్ఖానకు పనికి పోయిండు. ముందు కండెలు చుట్టిండు, తర్వాత సాంచలు నడిపిండు. లెక్కలు మంచిగ వస్తయని సేటు ఆయనకు గుమస్తా పని ఇచ్చిండు. ముప్పై ఏండ్లకు దగ్గర పడ్డడు, పెండ్లయింది, ఇద్దరు పిల్లలు. రెండేండ్ల కింద ఓపెన్ యూనివర్సిటీల డిగ్రీకి చేరిండు. ఈ వయసుల ఎందుకని మేము లోపల్లోపల నవ్వుకున్నం. ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గయితుంది గానీ నిజం.

సెలవుల్లో ఆయన ఇంటికి పోయినప్పుడు మా చేతుల డేటాబేస్ నోట్సు ఉంది. నార్మలైజేషన్, ప్రైమరీ కీ. బట్టీ పట్టుడే తప్ప మాకేం సమజ్ కాలేదు. అన్న ఆ నోట్సు తిరగేసి, "ఇది మా రిజిస్టరే కదరా తమ్మీ" అన్నడు.

"ప్రతి భీముకు ఒక నంబరు ఉంటది. ఏ భీము ఏ సాంచ మీదికి ఎక్కింది, ఎవరు నడిపిండ్రు, ఎన్ని మీటర్ల బట్ట దిగింది, అంతా రాయాలె. పనోని పేరు ప్రతి లైన్ల మళ్లమళ్ల రాసినమనుకో, ఒకసారి రాజు అని పడతది, ఒకసారి రాజు నాయక్ అని పడతది. కూలి లెక్క కట్టేటాల్లకు ఒక్క మనిషి ఇద్దరయితడు. అందుకే మనిషికో నంబరు. పేరు ఒక్క కాడనే రాస్తం, మిగతా అన్ని పేజీలల్ల ఆ నంబరే."

సారు మూడు క్లాసులు చెప్పింది ఆయన మూడు నిమిషాల్లో చెప్పిండు. ఆయనకు అది పుస్తకంలో పాఠం కాదు. లెక్క తప్పితే ఒక కార్మికుని ఇంట్లో ఆ వారం సరుకులు రావు.

ఆ మాట విన్నంక మాకు మన సంగతే యాదికొచ్చింది. మన పిల్లల ఇంటిపేర్లు టెన్త్ మెమోల ఒక తీరు, ఆధార్‌ల ఒక తీరు, కులం సర్టిఫికెట్‌ల ఇంకో తీరు ఉంటయి. భూక్యా అని ఒక కాడ, భుక్య అని ఒక కాడ. ఇంగ్లీషులో ఒకదాంట్ల హెచ్ ఉంటది, ఇంకోదాంట్ల ఉండదు. పేరు కలవక స్కాలర్‌షిప్ అప్లికేషన్ ఆగిపోయి, మీసేవ చుట్టు తిరిగినోళ్లు ఈ గ్రూపుల ఎందరున్నరో చేతులెత్తుండ్రి. మన యాడికి, బాపుకు ఇంగ్లీషు రాకపోవుడు తప్పు కాదు. రాసినోడు సరిగ రాయలేదు, ఆ సిస్టమ్ తయారు చేసినోనికి మన తండా పేర్లు తెల్వయి. ఆ కుర్చీలో మనోడు కూసున్ననాడే ఆ తప్పు తగ్గుతది.

బయటి దేశాల్లో బిజినెస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అనే చదువు ఇదే. వ్యాపారానికి, ఆఫీసుకు కావాల్సిన సమాచారాన్ని ఎట్ల జమ చేయాలె, ఎట్ల దాచాలె, ఎట్ల వాడాలె అన్నది దాని సారం. మన దగ్గర బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్, బీబీఏ, బీసీఏ అనే పేర్ల కింద అది ముక్కలు ముక్కలుగ ఉంటది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినంక దీని అవసరం చిన్న ఊర్లకు గూడ వచ్చింది. కోరుట్లలో బట్టల షాపు బిల్లు తీసి చూడండ్రి. 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉంటది. మొదటి రెండు అంకెలు 36, అంటే తెలంగాణ. తర్వాతి పది పాన్ నంబరు. చివరిది, ముందటివి తప్పు కొడితే పట్టుకునే గుర్తు. ఆ కౌంటర్ మీద రోజూ వంద బిల్లులు కొట్టే మన అక్క సగం సిలబస్ చేతుల్తోనే చదివేసింది. ఆమెకు లేనిది డిగ్రీ కాయిదం, మిగతా సగం పాఠం.

ఇప్పుడు అసలు మాట.

పని చేసుకుంటూ చదవాలనుకునే మనోళ్లకు ఒక అడ్డదారి చూపెడుతున్నరు. "అడ్మిషన్ తీసుకో, క్లాసులకు రాకున్నా నడుస్తది, హాజరు మేం చూసుకుంటం, పరీక్షలకు వస్తే చాలు." స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు కావాలె కాబట్టి ఆ హాజరు కాయిదం మీద పుడతది. ఫీజు పైసలు మన పేరు మీద వస్తయి, మనకు చదువు రాదు. మా దోస్తు ఒకడు అట్లనే మూడేండ్లు కోరుట్లలో పని చేసి డిగ్రీ తెచ్చుకున్నడు. కరీంనగర్‌లో ఇంటర్వ్యూకు పోతే ఎక్సెల్ షీటు ముందట పెట్టి రెండు జాబితాలు కలపమన్నరు. చేతులు ఆడలేదు. వాడు తెలివి తక్కువోడు కాదు. ల్యాబ్‌ల ఒక్కనాడు గూడ కూసోలేదు, అంతే. ఆ రోజు బస్సుల మాతోటి ఒక్క మాట మాట్లాడలేదు.

దీనికంటే ఓపెన్ యూనివర్సిటీ దారి వెయ్యి రెట్లు మేలు అని మేమంటున్నం. 1982లో దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ మన దగ్గరనే మొదలైంది. దానికిప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరున్నది. మనలాంటోళ్ల చదువుకు ఆ పేరు ఊరికే పెట్టలేదు. పనిచేసేటోళ్ల కోసం ఆదివారాలు క్లాసులు పెడతరు. ఇగ్నోలో బీసీఏ గూడ ఉంది. దూరవిద్య డిగ్రీకి విలువ లేదనేటోళ్లకు ఒక్కటే జవాబు: గుర్తింపు ఉన్న యూనివర్సిటీ దూరవిద్య డిగ్రీ, రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లోనే చెప్పింది. కాకపోతే చేరే ముందు ఆ కోర్సుకు యూజీసీ గుర్తింపు ఉందా, కంప్యూటర్ సబ్జెక్టులు ఎన్నున్నయి, ప్రాక్టికల్స్ ఎక్కడ పెడతరు అన్న మూడు సంగతులు అడిగి చేరండ్రి.

అంత సులువు అని మేము చెప్తలేం. అన్నకు ఆర్డర్లు ఎక్కువున్నప్పుడు ఆదివారం గూడ కార్ఖాన నడుస్తది. రాత్రిపాళీ చేసొచ్చి పుస్తకం పడితే కండ్లు మూతపడతయి. ఇంట్ల కంప్యూటర్ లేదు, ఫోన్ల పీడీఎఫ్ చదువుతడు. ఇంగ్లీషు మాటలకు అర్థం అడుగుదామంటే పక్కన ఎవ్వరు లేరు. ఒక సెమిస్టర్‌ల రెండు పేపర్లు పోయినయి. మళ్ల కట్టి రాసిండు. ఇట్లాంటోళ్లు మధ్యలో ఆగిపోతే అది వాళ్ల బద్ధకం అనకండ్రి. ఆసరా లేక ఆగిపోతరు.

ఇంకొక మాట గూడ చెప్పాలె. ఇంటర్ అయిన తమ్ముళ్లు, చెల్లెండ్లు ఈ పోస్టు చదివి హాస్టల్ సీటు వదులుకోవద్దు. సీటు దొరికితే పట్టుకొని కూసోండ్రి. మేము మాట్లాడేది సీటు దొరకనోళ్ల గురించి, ఇంటి బరువు ముందే మోసినోళ్ల గురించి.

ఐటీడీఏలు ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం లాంటి చోట్ల ఉన్నయి. మన జగిత్యాల, సిరిసిల్ల 2016లో కొత్త జిల్లాలైనయి గానీ ఇక్కడ ఐటీడీఏ లేదు. జిల్లా గిరిజన అభివృద్ధి అధికారి దగ్గరికే పోయి అడగాలె. మూడు అడుగుదాం. ఒకటి, ప్రభుత్వ డిగ్రీ కాలేజీల కంప్యూటర్ ల్యాబ్‌లు ఆదివారం, సాయంత్రం పనిచేసే విద్యార్థులకు తెరవాలె. రెండు, దూరవిద్య పరీక్షలప్పుడు తండాల నుంచి వచ్చేటోళ్లకు మన హాస్టళ్లల్ల రాత్రి ఉండనియ్యాలె. మూడు, ఓపెన్ డిగ్రీ చదివే ఎస్టీ విద్యార్థుల పరీక్ష ఫీజు సర్కారు కట్టాలె.

అడుగుడు ఒక్కటే కాదు, మనం చేసేది గూడ ఉంది. జగిత్యాల హాస్టల్‌ల ఉన్న మేము నెలకు రెండు ఆదివారాలు ఇస్తం. ట్యాలీ, ఎక్సెల్, డేటాబేస్ పేపర్లకు ఇంగ్లీషు మాటల అర్థాలు తెలుగుల చెప్తం. ఫోన్ల అయినా సరే, ముందట కూసోనైనా సరే. కోరుట్లల, సిరిసిల్లల ఉన్న హాస్టల్ దోస్తులు గూడ ముందుకు రావాలె. బదులుగ మనకేమొస్తది అని అడుగుతరేమో. మాకైతే ప్రైమరీ కీ సమజైంది.

మీ తండాల, మీ గూడెంల పని చేసుకుంటూ చదివే అన్న, వదిన, అక్క ఎవరైనా ఉంటే వాళ్లను ఈ గ్రూపుల చేర్పించండ్రి. చేర్పించినంక, "ఈ వయసుల ఎందుకు" అని మాత్రం అడగకండ్రి. మేము లోపల అనుకున్నందుకే ఇంత సిగ్గుపడుతున్నం.