కోట కూలింది, గోడ నిలిచింది

కొండ మీద గుడికో, పాత కోటకో కుటుంబమంతా కలిసి వెళ్ళినప్పుడు ఒక సంగతి గమనించండి. పిల్లలు ముందు పరుగెడతారు. మగవాళ్ళు ఫోటోలు తీసుకుంటూ వాళ్ళ వెనకాల నడుస్తారు. కింద చెట్టు నీడన సంచులకీ, మంచినీళ్ళ సీసాలకీ కాపలాగా ఒకరు మిగిలిపోతారు. ఆ ఒకరు ఎవరో మీకు నేను చెప్పాలా? "మీరంతా వెళ్ళి రండి, నేను సామాను చూస్తూ కూచుంటాను" అనే మాట మన నోటికి అంతగా అలవాటైపోయింది!

ఈ వారం మాత్రం ఆ సంచులు ఎవరికైనా అప్పగించి నాతో రండి. దూరమే లెండి, ఆస్ట్రియా దేశం. రాజధాని వియన్నా నుంచి రైల్లో గంట పైచిలుకు వెళితే క్రెమ్స్ అనే పట్నం వస్తుంది. అక్కణ్ణించి డాన్యూబ్ నది ఒడ్డు వెంట బస్సెక్కితే కాసేపట్లో డ్యూర్న్‌స్టైన్. వెయ్యిమంది జనాభా కూడా లేని చిన్న ఊరు. ముందు నది, నది పక్కన నీలం తెలుపు రంగుల చర్చి గోపురం, వెనక నిట్టనిలువు కొండ, కొండ మీద మొండిగోడల కోట. చుట్టుపక్కల కొండవాలంతా మెట్లు మెట్లుగా ద్రాక్ష తోటలు. ఆ ద్రాక్షా, దాంతో చేసే వైనూ ఇక్కడి వాళ్ళకి పెద్ద ఆధారం. మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా సుమారు 36 కిలోమీటర్లున్న ఈ లోయని వాఖౌ అంటారు. 2000 సంవత్సరంలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశాల్లో చేర్చింది.

మా ఆడపడుచు కొడుకు వియన్నాలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు మేమిద్దరం ఈ ఊరు చూశాం. కొండ కింద దారి చూడగానే మా ఆడపడుచు మామూలు మాట అనేసింది. "వదినా, మీరు వెళ్ళి రండి. నేనిక్కడ సామాను చూస్తుంటా."

"ఏం సామానే తల్లీ? రెండు గొడుగులూ, ఒక నీళ్ళ సీసానూ! నడు" అన్నాను.

కోట దాకా అరగంట ఎక్కుడు. అంతా రాళ్ళ దారి. మేం నాలుగడుగులకోసారి ఆగుతూ గంట తీసుకున్నాం. వెనకనించి తరిమేవాళ్ళెవరూ లేరు కదా!

ఇంతకీ కోట కథ వినండి. 12వ శతాబ్దంలో క్యూన్‌రింగ్ వంశపు ప్రభువులు కట్టించారు దీన్ని. ఇంగ్లండు రాజు మొదటి రిచర్డ్, సింహహృదయుడని బళ్ళో చదువుకున్నామే, ఆయన్ని బంధించి ఉంచింది ఇక్కడే. క్రూసేడు యుద్ధాల్లో 1191లో ఏకర్ పట్టణం చేజిక్కినప్పుడు రిచర్డ్ మనుషులు ఆస్ట్రియా డ్యూక్ లియోపోల్డ్ జెండాని పీకి పారేశారు. ఆ అవమానం లియోపోల్డ్ మరిచిపోలేదు. 1192 డిసెంబరులో రిచర్డ్ మారువేషంలో ఇంటిదారి పట్టి, వియన్నా దగ్గర దొరికిపోయాడు. తెచ్చి ఈ కొండ మీద పెట్టారు. మరుసటి ఏడాది జర్మనీ చక్రవర్తి ఆరవ హెన్రీకి అప్పగించారు.

బ్లోండెల్ అనే గాయకుడు రాజుగారి కోసం ఊరూరా పాడుకుంటూ తిరిగి, ఈ కోట కింద ఆయన గొంతు గుర్తుపట్టాడని ఒక కథ చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ అది కట్టుకథ. నిజంగా పూనుకుని విడిపించింది తల్లి ఎలినార్. అప్పటికావిడకి డెబ్భై ఏళ్ళు. కొడుకుని వదలాలంటే ముందు లక్ష మార్కుల వెండి, అంటే సుమారు 23 టన్నులు, చెల్లించమన్నారు. ఆవిడా, మంత్రులూ కలిసి జనం ఆదాయంలో నాలుగో వంతు, చర్చిల్లోని వెండి బంగారాలు, మఠాల వాళ్ళ గొర్రెల ఉన్ని, అన్నీ పోగుచేశారు. నడి చలికాలంలో తనే జర్మనీ వెళ్ళి, 1194 ఫిబ్రవరిలో మైన్జ్ నగరంలో కొడుకుని విడిపించుకుంది. పాట పాడినవాడి కథ ఊరంతా చెబుతుంది. డబ్బు కూడబెట్టిన తల్లి సంగతి అంతగా ఎవరూ చెప్పుకోరు. మనకిది కొత్తా?

అంత పేరున్న కోట ఇప్పుడు మొండిగోడలు. ముప్ఫై ఏళ్ళ యుద్ధంలో, 1645లో స్వీడన్ సైన్యం వెళ్ళిపోతూ పేల్చేసింది. ఆ తర్వాత నెమ్మదిగా పాడుపడిపోయింది.

ఆ మొండిగోడల మధ్య నిలబడి కిందకి చూస్తే ఇంకో రకం గోడలు కనిపించాయి. కింద ఉన్నప్పుడు ద్రాక్ష ఆకుల చాటున వీటిని పట్టించుకోనే లేదు. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి పేర్చి కట్టినవి. తోటల్లో ఒక్కో మెట్టునీ నిలబెట్టేది ఆ గోడే. రాళ్ళ సందుల్లోంచి వాననీరు జారిపోతుంది, మట్టి ఆగుతుంది. పగలంతా ఎండకి కాగిన రాళ్ళు రాత్రిపూట ఆ వెచ్చదనాన్ని తీగలకి అందిస్తాయి. ఆ రాళ్ళ మీద ఎండ కాగే పచ్చటి బల్లి పేరునే ఇక్కడి మేలురకం వైనుకి పెట్టుకున్నారు, స్మరాగ్డ్ అని. మరకతం అని అర్థం.

అయితే ఒక్క రాయి జారినప్పుడు వెంటనే సర్దకపోతే, గట్టి వానకి గోడ కిందికొచ్చేస్తుంది. గోడ పోతే మట్టి పోతుంది, మట్టి పోతే తోట పోతుంది. అందుకే తోటలవాళ్ళు ఏటా జారిన రాళ్ళు ఎత్తి పేరుస్తూనే ఉంటారు. నిటారు వాలులో పెద్ద యంత్రాలు నడవవు, ద్రాక్ష కోత కూడా చేత్తోనే. ఇలా రాళ్ళు పేర్చే విద్యని యునెస్కో 2018లో కొన్ని దేశాల సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. 2024లో ఆస్ట్రియాని కూడా అందులో చేర్చింది.

మా ఆడపడుచు చాలాసేపు చూసి, "మన ఇంటిపని లాగే ఉంది వదినా. రోజూ చేస్తుంటే ఎవరికీ కనబడదు. ఒక్కరోజు మానితే తెలుస్తుంది" అంది. కింద కూచుని ఉంటే ఆ మాట ఆవిడకి తట్టేది కాదు, నాకు వినే భాగ్యమూ ఉండేది కాదు.

కోటతో కొండ అయిపోలేదు. ఇంకా పైన 546 మీటర్ల ఎత్తున ఫోగెల్‌బర్గ్ శిఖరం ఉంది. పక్షుల కొండ అని అర్థం. ఆ బండల దారిలో అక్కడక్కడా పట్టుకోవడానికి ఇనపతాళ్ళు ఉంటాయి. కాళ్ళూ, గుండే గట్టిగా ఉన్నవాళ్ళకే అది. మేం కోట దగ్గరే తృప్తిపడ్డాం.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. జారని బూట్లు వేసుకోండి. చీర కన్నా చుడీదారు హాయి. మోకాళ్ళ బాధ ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే ఎక్కువ, చేతికర్ర ఉంచుకోండి. వసంతంలో వెళితే ఆప్రికాట్ చెట్ల పూత, శరదృతువులో వెళితే ద్రాక్ష కోతలు చూడొచ్చు. ఇంటి ముందు గడకి కొమ్మల కట్ట వేలాడుతుంటే, ఆ ఇంట్లో సొంత తోట వైన్, ఫలహారం దొరుకుతాయని గుర్తు. ఇలా అమ్ముకోవడానికి చక్రవర్తి రెండవ జోసెఫ్ 1784లోనే అనుమతిచ్చాడు. వైన్ వద్దనుకుంటే ద్రాక్షరసం అడగండి.

వాఖౌ ఆప్రికాట్లు ద్రాక్షంత పేరున్నవి. మన హైదరాబాదు విందుల్లో ఖుబానీ కా మీఠా తింటామే, ఆ పండే. దాంతో వాళ్ళు చేసే ఉండలు మన పూర్ణాలకి దూరపు చుట్టాలు. అరకిలో బంగాళాదుంపలు ఉడికించి మెత్తగా చిదిమి, చల్లారాక కప్పున్నర మైదా, రెండు చెంచాల బొంబాయిరవ్వ, చెంచా వెన్న, చిటికెడు ఉప్పు వేసి కలపండి. వాళ్ళు గుడ్డు సొన కూడా వేస్తారు. వద్దనుకుంటే పిండి కాస్త పెంచండి. పండులో గింజ తీసి, ఆ చోట పంచదార బిళ్ళ పెట్టి, చుట్టూ పిండి ముద్ద మూయండి. సందు ఉండకూడదు, ఉంటే నీళ్ళలో విచ్చుకుంటుంది. మరిగే నీళ్ళలో వేసి, సన్నసెగన పది పన్నెండు నిమిషాలు ఉడికించండి. పైకి తేలాక తీసి, వెన్నలో దోరగా వేయించిన బ్రెడ్డు పొడిలో దొర్లించి, పంచదార చల్లండి. తాజా ఆప్రికాట్లు దొరక్కపోతే ప్లమ్ పండ్లు వాడొచ్చు, వాళ్ళూ చేస్తారు.

వేడిమీదే రుచి. అందుకని అందరికీ వడ్డించి చివర్న కాదు, అందరితో పాటే కూచుని తినండి.