గిర్నీల నేల, గిర్నీల గోడ

తెలంగాణ పల్లెలలో పిండి పట్టించుకొను మరను నేటికిని గిర్ని యందురు. మరాఠీ వారి గిరణియు ఆ మాటయే. బొంబాయి నడిబొడ్డున లాల్‌బాగ్, పరేలు, వర్లీ ప్రాంతములకు గిరణ్‌గావ్, అనగా మిల్లుల ఊరు, అను పేరు దానివలననే కలిగినది. 1854లో కావస్‌జీ దావర్ తొలి నూలు మిల్లును తలపెట్టినది మొదలు శతాబ్దమునకు పైగా ఆ ఊరు, కొంకణపు రైతుబిడ్డలను పిలిచినట్లే, ఇంటి మగ్గము కూడు పెట్టజాలక తెలంగాణము నుండి తరలిపోయిన మన పద్మశాలీలను గూడ పిలిచి, పని చూపి, చాళ్లలోని ఇరుకు గదులలో తావిచ్చి బ్రతికించినది. కావున ఆ కట్టడములు ఏమగుచున్నవో విచారించు హక్కు మనకును కలదు.

1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వమున సుమారు 2.5 లక్షల కార్మికులు ఆరంభించిన సమ్మెను ఎవ్వరును విరమించినట్లు ప్రకటింపలేదు, మిల్లులే విరమించుకొన్నవి. పిమ్మట మిగిలినది నేల. 1991 నాటి నగరాభివృద్ధి నిబంధన ఆ నేలను మూడు పాళ్లు చేసి, ఒకటి ఉద్యానములకును ఆటస్థలములకును పురపాలక సంఘమునకు, ఒకటి ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థకు, తక్కినది యజమానికి అని విధించినది. 2001లో దానిని సవరించుచు, ఈ పంపకము అప్పటికే ఖాళీగా నున్న నేలకేగాని, కట్టడములు కూల్చగా బయలుపడిన నేలకు వర్తింపదని తేల్చిరి. మిల్లు ఆవరణలో ఖాళీ యెక్కడిది? షెడ్డు ప్రక్క షెడ్డు, గోదాము ప్రక్క గోదాము. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించుటతో, పాత గోడను నిలుపుటకంటె పడగొట్టుటయే లాభసాటి బేరమైనది.

నిలిచినచోట్ల నిలిచినదేమి? పొగగొట్టము. ఫీనిక్స్ మిల్లు ఆవరణలో విలాసపు అంగళ్ల నడుమ అది నేటికిని కానవచ్చును. దానిని చూపి ఇది పరిరక్షణ యనువారితో నేను ఏకీభవింపజాలను. తాత పటమునకు దండవేసి తాత పొలమును అమ్ముకొన్నట్లున్నది ఆ మర్యాద.

నిజమునకు, మఱియొక పనికి మలచుకొనుటకు మిల్లు షెడ్డును మించిన కట్టడము అరుదు. దాని కప్పు ఱంపపు పండ్లవలె వరుసలుగా లేచి, ప్రతి వరుసకును ఉత్తరపు ముఖమున అద్దములు పొదిగియుండును. ఏడాదిలో అధికభాగము ఎండ సూటిగా పడక, తెగిన పోగును కనిపెట్టుటకు వలసిన నిలుకడ వెలుగు దినమంతయు దిగుచుండును. చిత్రకారుడును, దర్జీయు, గ్రంథాలయమున పాఠకుడును కోరునది ఆ వెలుగే. ఇనుప స్తంభములే కప్పును మోయుచుండగా లోపల అడ్డుగోడలతో పనిలేదు. యంత్రముల బరువును అదురును ఓర్చిన నేలకు పుస్తకముల బీరువాలొక లెక్కయా?

ఇంగ్లండున బ్రాడ్‌ఫర్డ్ చెంత 1853లో టైటస్ సాల్ట్ తెఱచిన ఉన్ని మిల్లు 1986లో మూతపడగా, మరుసటి యేడు జోనాథన్ సిల్వర్ అను వ్యాపారి దానిని కొని, డేవిడ్ హాక్నీ చిత్రములకు శాలను, పుస్తకముల అంగడిని నెలకొల్పి, ఒక భాగమున ఎలక్ట్రానిక్ పరికరముల పరిశ్రమకు చోటిచ్చెను. చిత్రశాలను గూర్చి అందఱును చెప్పుదురు; నా మనసు నాకట్టుకొన్నది ఆ కడపటిది, ఏలన మూతపడిన మిల్లులోనే మరల నెలజీతములు పుట్టినవి. కార్మికులకై మిల్లు చెంత సాల్ట్ కట్టించిన ఊరి యిండ్లలో నేటికిని కాపురము లున్నవి. ఆ ఊరు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా కెక్కినది 2001లో, బొంబాయిలో నిబంధనను సవరించిన యేడే.

మనవైపు వరంగల్లున 1934లో వెలసిన ఆజంజాహి మిల్లు మూతపడి, దాని నేల ఇండ్ల స్థలములుగా విడివడినది. అక్కడ మలచుకొనుట కిక మిగిలినది స్వల్పము. బొంబాయిలో కాలాచౌకీయందలి ఇండియా యునైటెడ్ మిల్లు ఆవరణలో వస్త్రపరిశ్రమ మ్యూజియము నిర్మింప పురపాలక సంఘము తలపెట్టినది. అందు షెడ్డు షెడ్డుగానే యుండవలెను, ఒక మూలనైనను మగ్గము ఆడవలెను, యంత్రముల సరసన హాజరుపట్టీలను గూడ ఉంచవలెను. వానిలో తమ తాతల పేర్లు వెదకుకొనుటకు సిరిసిల్ల నుండి పోవువారు ఉందురు.