శాలువాలు సరే, రసీదు ఏదీ?

మొన్న మొగల్తూరు సన్మాన సభలో ఓ పెద్దాయన సెలవిచ్చారు: "గురువులకు యూనియన్లేంటండీ? ఏదున్నా యాజమాన్యంతో కూర్చుని మాట్లాడుకుంటే పోదా?" చప్పట్లు మోగాయి. కొట్టినవాళ్ళలో వేసవి జీతం అందని ప్రైవేటు లెక్చరర్లూ ఉన్నారు.

కూర్చుని మాట్లాడుకోవడమట! కూర్చునేది ఒక్క కరస్పాండెంటే. లెక్చరర్ నిలబడే ఉంటాడు. అతని ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆయన బీరువాలో ఉంటాయి. వేసవి జీతం ఎగ్గొడతారు, అదే వేసవిలో అడ్మిషన్ల కోసం ఊరూరా తిప్పుతారు. అడిగితే "రేపట్నించి రాకండి మాస్టారూ" అంటారు. అదీ నోటిమాటే, కాగితం ఉండదు. గోదావరి మర్యాద గొప్పదే. కానీ 'ఆయ్' అంటూ గెంటినా గెంటడమే.

అసలు ఈ 'గురుదేవుడు' అనే పొగడ్తే కొంప ముంచింది. బోధన పవిత్ర వృత్తి కాబట్టి అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద ఉపాధ్యాయుడు కార్మికుడు కాడని 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 20 మంది పనిచేసే రొయ్యల ఫ్యాక్టరీలో ఫిర్యాదుల కమిటీ ఉండాలని, అందులో సగం మంది కార్మికుల తరఫువాళ్ళే కావాలని చట్టం ఉంది. పక్కనే కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు ఆ లెక్కలోకి రాడు. తొలగించిన సిబ్బంది మొర వినడానికి ట్రైబ్యునళ్ళు కావాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ తీర్పు అంది. సభలో ఆ ఊసే లేదు.

యూనియన్లు వద్దనే యాజమాన్యాలకు మాత్రం సంఘాలుంటాయి! టీచర్లకు గ్రాట్యుటీ ఇవ్వాలన్న 2009 సవరణ మీద ప్రైవేటు స్కూళ్ళ సమాఖ్యే సుప్రీంకోర్టుకెక్కి, 2022లో ఓడింది.

మొగల్తూరు కృష్ణంరాజు, చిరంజీవి పుట్టిన ఊరు కదా, సినిమాల్లోలా ఒక్కడొచ్చి అన్యాయాన్ని చితక్కొడతాడని మనకో నమ్మకం. బయట ఆ ఒక్కడి ఉద్యోగమే ముందు పోతుంది.

మన పిల్లలు టీచింగ్ అసిస్టెంట్లుగా చేరే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2022లో 48 వేల మంది సమ్మె చేశారు. అక్కడ ఫిర్యాదుకు గడువుంది, పక్కన యూనియన్ ప్రతినిధి ఉంటాడు, తెగకపోతే మధ్యవర్తి తీర్పుంది. ఇక్కడా అలాంటిదేదో రావాలి. ఎలాగన్నది సంఘాలు తేల్చుకోవాలి.

అందాకా లెక్చరర్లకు ఒక్క మాట: ఛాంబర్లోకి ఒంటరిగా వెళ్ళకండి. ఫిర్యాదు రాసి, తేదీ వేసి, పదిమందీ సంతకాలు పెట్టి ఇవ్వండి. అందినట్టు రసీదు తీసుకోందే కదలకండి.