పరదేశమున పలుభాషలు

విద్యకై పరదేశమేగు వానికి ఒక్క భాష చాలదు. నేడు తెలుగు విద్యార్థులు పలువురు జర్మనీలో చదువుచున్నారు. వారిలో ననేకులకు పాఠములు ఆంగ్లమున జరుగును. తరగతి దాటినంతనే అంగడిలోను, కార్యాలయములలోను జర్మను భాష వినవచ్చును. రాత్రి తల్లిదండ్రులతో ఫోనులో మాటలాడునది తెలుగు. ఒక్క దినముననే మూడు భాషలు నాలుకపై మెలగవలెను. అవి ఒకదానితో నొకటి చిక్కువడుటయు కలదు. ‘గిఫ్ట్’ అను మాటకు ఆంగ్లమున కానుక యని యర్థము. జర్మనున విషమని యర్థము!

ఈ చిక్కునకు వెఱచి కొందఱు స్వదేశీయుల నడుమనే కాలము గడపి, ఆ దేశపు భాష నేర్వకయే తిరిగి వత్తురు. మఱికొందఱు అన్ని భాషలయందును సమాన పాండిత్యము గోరి, దేనియందును నిలుకడ లేక అలసిపోవుదురు. ఈ రెండు మార్గములును మేలైనవి కావు. తూకమనగా అన్నిటికిని సమభాగ మిచ్చుట కాదు. ఏ భాష ఏ పనికి వలయునో నిర్ణయించుకొని, ఆ పనికి చాలినంత పట్టు సంపాదించుటయే తూకము.

మేరీ క్యూరీ జీవితము దీనికి చక్కని నిదర్శనము. ఆమె 1867లో పోలెండు దేశపు వార్సా నగరమున జన్మించెను. అప్పుడా నగరము రష్యా యేలుబడిలో నుండుటచే బడి చదువు రష్యను భాషలో సాగెను. ఇంటి భాష పోలిష్. 1891లో ఆమె ప్యారిస్ నగరమునకేగి సోర్బోన్ విశ్వవిద్యాలయమున చేరెను. ఫ్రెంచి తనకు వచ్చుననియే ఆమె తలంచెను. కాని ఆచార్యులు వేగముగ చెప్పుచుండగా వాక్యములకు వాక్యములే అందకపోయెను. తొలుత ఆమె అక్కగారి యింట నుండెను. అచ్చట ఆప్యాయతకును, పోలిష్ మాటలకును కొదువ లేదు. చదువునకు వలసిన ఏకాంతము మాత్రము లేదు. కొన్ని నెలలకే ఆమె విశ్వవిద్యాలయ సమీపమున చిన్నగది అద్దెకు గైకొని, ఒంటరిగ నుండి చదివెను. 1893లో భౌతికశాస్త్ర పట్టపరీక్షలో ప్రథమస్థానమును, 1894లో గణితమున ద్వితీయస్థానమును పొందెను.

అట్లని ఆమె మాతృభాషను విడువలేదు. 1898లో భర్తతో గూడి క్రొత్త మూలకమును కనుగొని, దానికి జన్మభూమి పేర పొలోనియమని నామకరణము చేసెను. ఆ వార్త ప్యారిస్‌లో ఫ్రెంచిభాషలో వెలువడిన కాలముననే, వార్సాలోని యొక మాసపత్రికలో పోలిష్ భాషలోను వెలువడెను. తన కుమార్తెలకును ఆమె పోలిష్ నేర్పించెను.

భాషకు తగిన పని నిర్ణయించుటకు గాంధీమహాత్ముని విద్యార్థిదశ మఱియొక నిదర్శనము. న్యాయశాస్త్రము చదువుటకు 1888లో లండనుకేగిన ఆయన, అచ్చటి మెట్రిక్యులేషను పరీక్షకై లాటిను, ఫ్రెంచి భాషలను చదివెను. లాటినున మొదట తప్పి, 1890లో మరల వ్రాసి ఉత్తీర్ణుడయ్యెను. లాటిను వీధిలో మాటలాడు భాష కాదు. చదివి గ్రహించిన చాలును. ఆ పట్టుతోనే ఆయన రోమను న్యాయశాస్త్రమును లాటినులో చదివెను. ఆ జ్ఞానము దక్షిణాఫ్రికాలో న్యాయవాదిగ నున్నపుడు అక్కఱకు వచ్చెను.

వాడని భాష తుప్పుపట్టదా యని సందేహము కలుగవచ్చును. పట్టును. కాని దినమునకొక పుట బిగ్గరగ చదువుటచేతను, వారమునకొక జాబు వ్రాయుటచేతను ఆ తుప్పు వదలును. ఒకప్పుడు శ్రద్ధతో నేర్చిన భాష మరుగుపడునే కాని, బొత్తిగ నశింపదు.

అన్నిటికంటె ఎక్కువ ప్రమాదము మాతృభాషకే కలదు. అది తనంత తానే నిలిచియుండునను ధీమాతో దానిని అశ్రద్ధ చేయుట సులభము. “భోజనమైనదా? ఒంట్లో కులాసాయా?” యను రెండు ప్రశ్నలకే తెలుగును పరిమితము చేసిన విద్యార్థి, తాను నేర్చిన యంత్రశాస్త్రమును తన తండ్రికి వివరింపజాలకపోవును. అప్పుడా విద్యకును, కన్నవారికిని నడుమ గోడ లేచును. కనుక పరభాషలకు పనులు పంచియిచ్చు విద్యార్థి మాతృభాషకును పెద్దపని నప్పగింపవలెను. పగలు పరభాషలో నేర్చినదానిని రాత్రి తన భాషలో ఇంటివారికి తెలియజెప్పగలవాడే ఆ విద్యను నిజముగ గడించినవాడు.